సముద్రం లేని ఊరు, రెండు సాగరాలు

నీటి ఒడ్డున ఉన్న ఊరి చరిత్ర అనగానే మనకి భీమిలి, మచిలీపట్నం గుర్తొస్తాయి. ఓడలు, డచ్చివాళ్ళు, లైట్‌హౌసులు.. వాటి గురించి రాసినవాళ్ళున్నారు, చదివేవాళ్ళున్నారు. అజీజ్‌నగర్ చరిత్ర ఎవరికి కావాలి చెప్పండి? చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి, వీసా రాగానే 108 చేసొచ్చిన మన సాఫ్ట్‌వేర్ జనాలు ఎంతమంది ఆ ఊరి మీదుగా వెళ్ళుంటారో! అప్పా జంక్షన్ దాటి చేవెళ్ళ రోడ్డు పట్టుకుంటే వచ్చే ఊరే అది. మొయినాబాద్ మండలం. సముద్రం లేదు గానీ ఒక పక్క ఉస్మాన్‌సాగర్ (అదే, మన గండిపేట), ఇంకో పక్క హిమాయత్‌సాగర్. పేరుకైనా రెండు సాగరాలు.

అవి ఎందుకొచ్చాయో ఒకసారి గుర్తు చేసుకుందాం. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఇలాంటిది మళ్ళీ జరక్కుండా ఏం చెయ్యాలో చెప్పమని నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఊరికి ఎగువన నీళ్ళని పట్టి ఉంచే జలాశయాలు కట్టమన్నారాయన. 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఒకదానికి ఏడో నిజాం పేరు, రెండోదానికి ఆయన పెద్దకొడుకు పేరు. అంటే వీటి అసలు పని వరద ఆపడం. తాగునీళ్ళు రెండో పని. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. ఈ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల లోపు కాలుష్యం తెచ్చే పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాస కాలనీలు కట్టకూడదన్నారు. 84 గ్రామాలు దాని కిందికొచ్చాయి. ఆ 10 కిలోమీటర్ల నిబంధన నుంచి ఓ నూనెల ఫ్యాక్టరీకి సర్కారు ఇచ్చిన మినహాయింపు చెల్లదని 2000లో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది.

మంచిదే. కానీ ఆ ఊళ్ళ రైతు వైపునుంచి చూడండి. గండిపేట కట్టకి అవతల కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఇవతల రైతుకి మాత్రం "నగరం కోసం నువ్వు ఆగు" అన్నారు. పోనీ, అందరూ ఆగారా? ఎత్తు గోడల ఫామ్‌హౌసులొచ్చాయి, కన్వెన్షన్ హాళ్ళొచ్చాయి. రూలు చిన్నవాడికే రూలు. ఆ ఊళ్ళవాళ్ళు జీవో తీసెయ్యమంటే అది దురాశ అని మనం గచ్చిబౌలిలో ఏసీ గదుల్లో కూర్చుని అనడం అన్యాయం.

సరే, 2022 ఏప్రిల్లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నామన్నారు. కారణం? నగరానికి కృష్ణా, గోదావరి నీళ్ళొస్తున్నాయి, ఈ రెండిటి అవసరం పెద్దగా లేదట. ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. సంవత్సరమంతా ఖాళీగా ఉంటోంది కదా అని డిజాస్టర్ రికవరీ సర్వర్ పీకేద్దామన్న మేనేజర్‌ని మనం ఏమంటాం? 2025 సెప్టెంబర్ చివర్లో రెండు జలాశయాల గేట్లూ ఎత్తితే మూసీ ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చేసింది. ఎగువన పొలాలు పోయి కాంక్రీటు వచ్చిందనుకోండి, నేలలోకి ఇంకాల్సిన వాన గంటల్లో చెరువులోకి ఉరుకుతుంది. చెరువు అదే, కట్ట అదే. గేట్లు ఎత్తడం తప్ప దారేది? కిందున్నది మనమే.

అందుకే నా మాట ఇది: ఆంక్షలు ఉండాలి, వాటి ఖర్చు నగరం భరించాలి. న్యూయార్క్ 1997లో ఇలాంటి పనే చేసింది. వేల కోట్లు పోసి ఫిల్టర్ ప్లాంటు కట్టే బదులు, నీళ్ళొచ్చే కొండల్లోని ఊళ్ళతో ఒప్పందం చేసుకుని వాళ్ళకి డబ్బిచ్చింది. మనకీ టీడీఆర్ అనే పద్ధతి ఉంది. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాడికి ఇంకోచోట కట్టుకునే హక్కు ఇస్తున్నాం కదా, పొలం పొలంగానే ఉంచిన రైతుకి ఎందుకివ్వకూడదు? నీళ్ళ బిల్లులో నెలకి ఇంతని వేసి ఆ 84 ఊళ్ళకి ఎందుకు పంపకూడదు? నా బిల్లులో వేస్తే నేను కడతాను.

వందేళ్ళకి పైగా ఆ ఒడ్డు ఊళ్ళు మనకోసం నీళ్ళని కాస్తున్నాయి, జీతం లేకుండా. ఇకపైన "మొయినాబాద్‌లో ప్లాటు, లేక్ వ్యూ, ప్రీలాంచ్ ఆఫర్" అని ఫోనొచ్చినప్పుడు ధర అడిగే ముందు, ఆ ప్లాటు మీద పడ్డ వాన ఎటు పోతుందో అడగండి. జవాబు మీ ఇంటి అడ్రసే కావచ్చు.

మీరేమంటారు?