అప్పు ముఖం చూడని చదువు

పోయిన ఆదివారం మా తమ్ముడితో, వాడి కొడుకుతో కలిసి కూకట్‌పల్లిలో ఒక అడ్మిషన్ల సదస్సుకు వెళ్లాను. ఎంబీఏ, ఫైనాన్స్ అండ్ ఫిన్‌టెక్. రెండేళ్ల చదువు, 14 లక్షల ఫీజు. వక్త మైకు పట్టుకోగానే ప్రకటించాడు: ఇకమీదట అప్పివ్వడానికి మనిషి అక్కర్లేదట, ఆల్గారిథమ్ చాలట, పదేళ్లలో బ్యాంకు బ్రాంచీలన్నీ మూతపడతాయట. హాలు హాలంతా చప్పట్లు. మా తమ్ముడూ కొట్టాడు. ఖమ్మంలో ఉన్న ఒక్క ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి వాడు కొడుకును చేర్పించబోతున్నది ఈ చదువులోనే.

నేను 31 ఏళ్లు గ్రామీణ బ్యాంకులో పనిచేశాను. అందులో ఎక్కువ కాలం ఫీల్డాఫీసరుగా ఊళ్లు తిరిగాను. ఆ మాట విన్నప్పటి నుంచి ఒళ్లు మండుతూనే ఉంది.

మనిషి అక్కర్లేని అప్పు ఎలా ఉంటుందో 2020లో హైదరాబాదులోనే చూశాం. లాక్‌డౌన్‌లో పనులు పోయినవాళ్ల ఫోన్లలోకి లోన్ యాప్‌లు దిగాయి. వాటి పద్ధతి ఇలా ఉండేది: 5,000 మంజూరైందంటారు. ప్రాసెసింగ్ ఫీజని ముందే 1,500 కోసుకుని చేతికి 3,500 ఇస్తారు. వారం తిరిగేసరికి 5,000 కట్టాలి. మన ఊరి లెక్కలో చెబితే నూటికి వారానికి దాదాపు 43 రూపాయల వడ్డీ. నెలకు నూటికి రెండు రూపాయలు న్యాయం, మూడైతే ఎక్కువ, ఐదు తీసుకునేవాడి గడప తొక్కొద్దు అని చెప్పుకునే ఊళ్లలో పెరిగినవాళ్లం. నెలకు నూటికి 170 తీసుకునేవాడికి ఫిన్‌టెక్ అని పేరు పెట్టి ఆ మాటను డిగ్రీ మీద అచ్చువేస్తున్నారు.

ఆ యాప్‌లు హామీగా పొలం అడగలేదు, బంగారం అడగలేదు. ఫోన్లో ఉన్న కాంటాక్టులు, ఫొటోలు అడిగాయి. గడువు దాటితే అత్తగారికి, ఆఫీసులో పై అధికారికి, ఎప్పుడో చదువుకున్న స్నేహితురాలికి ఫోన్లు వెళ్లేవి. ఆ డిసెంబరులో తెలంగాణలో ఈ వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. పోలీసులు హైదరాబాదులోనూ గురుగ్రామ్‌లోనూ కాల్ సెంటర్లపై దాడులు చేస్తే, అప్పు తీసుకున్నవాళ్లను బెదిరించడానికి జీతానికి కుదిరిన యువతీయువకులు వందల్లో బయటపడ్డారు. అప్పు ఇచ్చేటప్పుడు అక్కర్లేని మనిషి తిట్టేటప్పుడు అవసరమయ్యాడు. ఆ యాప్ తెరలు గీసినవాళ్లు, ముందే కోసుకునే ఫీజు లెక్క కట్టినవాళ్లు చదువురానివాళ్లు కారు.

2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పులకు కళ్లెం వేసింది. సొమ్ము అప్పిచ్చే సంస్థ నుంచి నేరుగా తీసుకునేవాడి ఖాతాలోకే వెళ్లాలంది. ఫీజులన్నీ కలిపి ఏడాదికి ఎంత పడుతుందో ముందే చూపాలంది. కాంటాక్టుల జోలికి పోవద్దంది. ఒక్కో నియమం వెనక ఎన్ని ఇళ్ల ఏడుపు ఉందో! సదస్సులో ఇచ్చిన బ్రోచరు రెండుసార్లు చదివాను. బ్లాక్‌చెయిన్ ఉంది, పైథాన్ ఉంది, క్రిప్టో ఉంది. వసూలు అన్న మాట లేదు. మొండిబాకీ లేదు. కట్టలేనివాడికీ కట్టనివాడికీ తేడా ఎలా పట్టాలో చెప్పే పేపరు ఒక్కటీ లేదు.

ఫిన్‌టెక్‌ను మెచ్చుకునేవాళ్లు యూపీఐ చూడండి అంటారు. చూశాను, రోజూ వాడుతున్నాను. 2016లో దాన్ని తెచ్చింది నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్, అంటే బ్యాంకులు కలిసి పెట్టుకున్న లాభాపేక్ష లేని సంస్థ. మామూలు ఖాతా నుంచి యూపీఐలో డబ్బు కడితే దుకాణదారు దగ్గర రుసుము తీసుకోకూడదని 2020 జనవరి నుంచి నియమం. మరి చెల్లింపుల యాప్‌లకు లాభం ఎక్కడిది? అప్పు అమ్మాలి, బీమా అమ్మాలి. కిరాణా కొట్టు ముందు పాలప్యాకెట్టుకు డబ్బు కట్టిన మనిషికి 'మీకు 2 లక్షల లోను సిద్ధం' అని చూపించడమే రేపు మావాడు చేయబోయే ఉద్యోగం. ఇక ఫోన్లోనే ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్) ట్రేడింగ్ చేయించే యాప్‌లున్నాయి. ఆ ట్రేడింగ్ సంగతి స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీయే చెప్పింది: 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో అందులో దిగిన వ్యక్తిగత మదుపరుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. ప్లేస్‌మెంట్లంటారా, ఎవరెవరిని వదిలేసి సగటు ప్యాకేజీ లెక్కగట్టారో చెప్పని కాలేజీతో నాకు వాదనే లేదు.

మనిషిని చూసి నడిచే అప్పు లెక్క నేను ఇంట్లోనే చూశాను. మా అమ్మ చదువు ఏడో తరగతితో ఆపేసింది. నెలకు 5,000 చొప్పున 20 మంది కట్టే లక్ష రూపాయల చీటీ ఆవిడకు కంఠోపాఠం. ఎవరైనా 25,000 వదులుకుని పాడుకుంటే 75,000 చేతికొస్తుంది. నడిపేవాళ్ల కమీషన్ 5,000 పోగా మిగిలిన 20,000 తలా వెయ్యి పంచుతారు. ఆ నెల అందరూ 4,000 కడితే చాలు. ఎదురింటావిడ తొందర కూతురి పురిటి కోసమా, పొలంలో ఎరువు కోసమా అని ఆమె ముఖం చూసి, పాట ఎంతవరకు లాగాలో, ఎక్కడ ఆపాలో మా అమ్మకు తెలిసేది. పురుడైతే అసలు పోటీకి పోయేది కాదు. కాలం గడిచేకొద్దీ రూపాయి విలువ ఎలా మారుతుందో నేను మొదట నేర్చుకున్నది మా ఇంటి అరుగు మీదే, తర్వాతే పుస్తకంలో. చీటీలు ఎగ్గొట్టి పారిపోయినవాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ వెళ్లి తట్టడానికి ఒక తలుపంటూ ఉండేది.

మనిషి ముఖం చూడని అప్పు ఎటు పోతుందో 2010లోనే ఇంకో రకంగా చూశాం. ఆగస్టులో హైదరాబాదు సూక్ష్మరుణ సంస్థ ఒకటి స్టాక్ మార్కెట్లో లిస్టయితే పండగ చేసుకున్నారు. అక్టోబరుకల్లా వసూళ్ల వేధింపులు ఆపడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. పదేళ్లకు అదే అప్పు ఫోన్లో వచ్చింది.

ఏం చేయమంటారంటే, పిల్లల్ని ఒక పంటకాలం బ్రాంచిలో కూర్చోబెట్టండి. జూన్‌లో పంట రుణం రాసిన పిల్లవాడే జనవరిలో వసూలుకు ఆ ఊరు వెళ్లాలి. కంప్యూటరూ నేర్పండి, వద్దనను. దీన్ని డిగ్రీగా ఎలా కూర్చాలో చదువులవాళ్లూ బ్యాంకులవాళ్లూ కూర్చుని తేల్చుకోవాలి.

విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతుంది. అందుకే వచ్చే గురువారం మా తమ్ముడి ఇంటికి మేనేజరు వస్తాడు, విలువ కట్టే ఇంజనీరు వస్తాడు. కాగితాలు ఇప్పటికే లాయరు దగ్గరున్నాయి. ముగ్గురు మనుషులు చూస్తే తప్ప ఈ చదువుకు అప్పు పుట్టదు. ఇదే తమ్ముడికి ఫోన్లో చెప్పాను. "అన్నయ్యా, ఇప్పుడు ఆలోచిస్తే సీటు పోతుంది" అన్నాడు. హామీదారుగా నా సంతకం కూడా కావాలట. పిల్లవాడు ముందు నాతో వచ్చి మా పాత బ్రాంచిలో వారం కూర్చుంటేనే పెడతానన్నాను. "కనుక్కుని చెబుతాను పెదనాన్నా" అని ఫోన్ అందుకున్న పిల్లవాడు పెట్టేశాడు. ఇంకా చెప్పలేదు.