గోలీలో సూది: సూరత్ లేజర్లకు, హైదరాబాద్ మందులకు మధ్య ఖాళీ

వారానికి అర మిల్లీగ్రాము సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ తీసుకుంటున్న మనిషిని గోలీకి మార్చాలంటే డాక్టర్లు రోజుకు 7 లేదా 14 మిల్లీగ్రాముల గోలీ రాస్తారు. తక్కువదే లెక్కేసినా వారానికి 49 మిల్లీగ్రాములు. అంటే సూది తప్పించుకోవడానికి సుమారు వంద రెట్ల మందు మింగుతున్నాం. అందులో రక్తంలోకి చేరేది ఒక శాతం లోపే, మిగిలినదంతా వృథా. అదీ పరగడుపున, అర గ్లాసు నీళ్లకు మించకుండా వేసుకుని, తర్వాత అరగంట ఏమీ తినకుండా ఉంటేనే.

ఇన్సులిన్ అయినా సెమాగ్లుటైడ్ అయినా ఇవి ప్రొటీన్ జాతి మందులు. కడుపులోని ఆమ్లానికి, ఎంజైములకు వీటికీ మనం తిన్న పప్పుకీ తేడా తెలియదు. ముక్కలు చేసి అరిగించేస్తాయి. అరగకుండా మిగిలిన కాస్త మందునూ పేగు గోడ లోపలికి రానివ్వదు, ఎందుకంటే ఆ అణువులు దాని సందుల్లో పట్టనంత పెద్దవి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. వాళ్లలో సూది వాడాల్సినవాళ్లకు గోలీ వస్తే ఎంత మేలో చెప్పనక్కర్లేదు. సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు మన దేశంలో 2026 మార్చితో ముగిసింది. ఎగుమతుల కోసం డాక్టర్ రెడ్డీస్ అంతకు ముందే ఢిల్లీ హైకోర్టులో పోరాడింది. మందును చవగ్గా తయారు చేయడం హైదరాబాద్‌కు కొత్త కాదు. చవగ్గా చేసిన మందులో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు పేగులోనే పోతుంటే ఏం చేయాలన్నదే అసలు చిక్కు.

దీనికి కొందరు రసాయనం వదిలి యంత్రాన్ని నమ్ముకున్నారు. హైదరాబాద్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన మీర్ ఇమ్రాన్ వారిలో ఒకరు. ఆయన స్థాపించిన రాణి థెరప్యూటిక్స్ చేస్తున్న గోలీ కడుపు దాటి పేగులోకి వెళ్లాక పైపూత కరుగుతుంది. లోపల సిట్రిక్ ఆమ్లం, బైకార్బొనేట్ కలిసి ఈనో పొడిలా పొంగుతాయి. ఆ వాయువుతో చిన్న బెలూన్ ఉబ్బి, మందు నింపిన సూదిని పేగు గోడలోకి నెడుతుంది. పేగుకు ఆ పోటు తెలియదు. 2019లో ఎంఐటీ పరిశోధకులు ఇంకో దారి చూపించారు. తాబేలు చిప్ప ఆకారం చూసి, ఎలా పడినా మళ్లీ నిటారుగా నిలబడే గోలీ చేశారు. పందుల కడుపులో అది ఇన్సులిన్ పొడిచింది. తేజల్ దేశాయ్ బృందం కాలిఫోర్నియాలో చేసినవి మరీ చిన్నవి. సుమారు 200 మైక్రాన్ల వెడల్పున్న పలచని ప్లాస్టిక్ బిళ్లలు, వాటిలో ఒకవైపే తెరిచిన గుంటలు. బిళ్ల పేగు గోడకు అతుక్కుని మందును నలుదిక్కులా కాకుండా గోడ వైపే వదులుతుంది.

ఇలాంటివి చేయాలంటే మైక్రాన్లలో కోయగల చెయ్యి, మందు గుణం తెలిసిన మనిషి, ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. మొదటి చెయ్యి ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్తే సూరత్ తగులుతుంది.

సూరత్ అనగానే మనకు మరమగ్గాలు, వలస వెళ్లిన పద్మశాలీలు గుర్తొస్తారు. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. కానీ వరాఛా నుంచి తాపీ ఒడ్డునున్న కామ్‌రేజ్ దాకా సాగే రోడ్డు మీద మాట్లాడుకునేది వజ్రాల గురించి. ఆ పరిశ్రమ కొన్నేళ్లుగా కష్టాల్లో ఉంది. రష్యా ముడి వజ్రాలపై ఆంక్షలు, ల్యాబ్‌లో పెంచిన వజ్రాల పోటీ, వాటి మీద 2025 ఆగస్టులో అమెరికా వేసిన 50 శాతం సుంకం. లేజర్ ముందు కూర్చుని వెంట్రుక వాసిలో కోత పెట్టడం నేర్చిన కారీగర్లు పని కోసం దిక్కులు చూశారు.

ఆ నేర్పు వైద్యానికి పనికొస్తుందని సూరత్ ఇప్పటికే ఒకసారి రుజువు చేసింది. వజ్రాలు కోసే లేజర్ యంత్రాలతో మొదలైన సహజానంద్ సంస్థ అదే అనుభవంతో గుండె స్టెంట్లలోకి వచ్చింది. వాళ్ల సుప్రాఫ్లెక్స్ స్టెంటు తీగ మందం 60 మైక్రాన్లు. ఐరోపాలో 1,435 మంది రోగులపై జరిగిన టాలెంట్ పరీక్షలో అది అమెరికన్ కంపెనీ స్టెంటుకు తీసిపోదని తేలింది. ఆ ఫలితం 2019లో లాన్సెట్‌లో వచ్చింది. అదే సంస్థ ఇప్పుడు సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్ మెడికల్ డివైసెస్ పార్కులోనూ స్టెంట్లు తయారు చేస్తోంది. అంటే సూరత్ చెయ్యి మన పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీల పక్కకే వచ్చి కూర్చుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. వజ్రం కోసే లేజర్ పెట్టి యాక్రిలిక్ బిళ్ల కోసేద్దామంటే కుదరదు. ఆ కాంతి పారదర్శక ప్లాస్టిక్‌లోంచి దాదాపు అలాగే వెళ్లిపోతుంది. లోహంలో అచ్చు కోసి, దాని మీద వేడి ప్లాస్టిక్ ఒత్తడం నయం. పని మారినా సన్నటి కోత అలవాటు, యంత్రాన్ని మైక్రాన్లలో కదిలించే అనుభవం మారవు.

అయితే బిళ్ల చేయడం సగం పనే. అది మందు ఎంత వదిలింది, పేగు ఎంత పీల్చింది అన్నది కొలవాలి. మన ఫార్మసీ కాలేజీల్లో చాలావాటికి చేతగానిది ఇదే. కొలిచే పరికరాలు ఖరీదైనవి, పాడైతే బాగుచేసే మనిషి రావడానికి నెలలు పడుతుంది. నిజానికి వీటిలో కొన్ని చేత్తో చేసుకోగలిగినవే. ఉదాహరణకు సిరంజి పంపు. దీని డిజైన్‌ను జాషువా పియర్స్ బృందం 2014లోనే అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. స్టెప్పర్ మోటారు ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. 8 మిల్లీమీటర్ల మర కడ్డీ చుట్టుకు 1.25 మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది. అంటే ఒక్కో అడుగుకు 6.25 మైక్రాన్లు. పది మిల్లీలీటర్ల సిరంజిలో అది సుమారు ఒక మైక్రోలీటరు. హార్డ్‌వేర్ షాపు సామానుతో ఇంత సన్నని కొలత వస్తుంది. పేగు విషయానికొస్తే, 1954లో విల్సన్, వైజ్‌మన్ చూపిన పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. మటన్ షాపు నుంచి తెచ్చిన మేక పేగును లోపలిది బయటికి తిప్పి, సంచిలా కట్టి, మందు ద్రావణంలో వేలాడదీస్తారు.

చవక పరికరం దగ్గర మోసపోయేదీ ఇక్కడే. పేగు బతికి ఉండాలంటే 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం కావాలి. చేపల తొట్టి పంపు పెడితే అందేది మామూలు గాలే. చచ్చిన పేగు గోడ జల్లెడ లాంటిది, ఏ మందునైనా పోనిస్తుంది. విద్యార్థి ఎగిరి గంతేస్తాడు, థీసిస్ పాసవుతుంది, ఆ ఫలితం మాత్రం ఇంకెక్కడా మళ్లీ రాదు. మర కడ్డీకి బిగువు లేక వెనక్కి తిప్పినప్పుడు రెండు మూడు అడుగులు వృథాగా పోతే ఆ మైక్రోలీటరు లెక్కా అంతే. అందుకే పరికరం ధర కన్నా దాన్ని సరిచూసే పద్ధతికి విలువ ఎక్కువ. మాత్ర కరుగుదలను కొలిచే పెద్ద యంత్రాలనే ప్రెడ్నిసోన్ ప్రామాణిక మాత్ర వేసి పరీక్షిస్తారు. ఇంట్లో చేసిన యంత్రానికీ ఆ పరీక్షే పెట్టాలి. 37 డిగ్రీలకు అర డిగ్రీ అటూ ఇటూ కాకుండా నిలబడితే అది ఎవరు చేశారన్నది అనవసరం.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని అనలేం. 2025 జూన్‌లో శాస్త్ర పరికరాలను కొటేషన్ లేకుండా కొనే పరిమితిని లక్ష నుంచి రెండు లక్షలకు పెంచారు, జెమ్ పోర్టల్ బయట కొనడానికీ సంస్థల అధిపతులకు వీలిచ్చారు. కానీ ఆ సడలింపు కొనేవాళ్లకు. విడి భాగాలు తెచ్చి చేసుకునేవాళ్లకు, చేసినదాన్ని సరిచూసే ఖర్చుకు ఏ పద్దు కింద డబ్బివ్వాలో అందులో లేదు. 2023లో వచ్చిన 5,000 కోట్ల ఫార్మా, మెడ్‌టెక్ పరిశోధన పథకం ఇంకో తమాషా. దాని కింద నైపర్ సంస్థలకు తలా ఒక ప్రత్యేక కేంద్రం ఇచ్చారు. ముడి మందులు హైదరాబాద్‌కు, వైద్య పరికరాలు అహ్మదాబాద్‌కు, కొత్త రకం మందు చేరవేత పద్ధతులు రాయబరేలీకి. మందు నింపిన మైక్రో బిళ్ల ఈ మూడింటిలో ఎవరి పని? ముగ్గురిదీ. కాబట్టి ముగ్గురూ పక్కవాళ్లదే అనుకోవచ్చు.

సుల్తాన్‌పూర్ నుంచి బాలానగర్‌లోని నైపర్ హైదరాబాద్‌కు కారులో ఎంతోసేపు పట్టదు. స్టెంట్ల ఫ్యాక్టరీ లేజర్ మీద నెలకు ఒక్క రోజు ఫార్మసీ విద్యార్థుల అచ్చులకు కేటాయించి, ఆ అచ్చుతో చేసిన బిళ్లల కొలతలను మూడు వేర్వేరు కాలేజీలు తమ తమ చవక పరికరాల మీద మళ్లీ చేసి చూస్తే, ఏ అంకెను నమ్మొచ్చో ఏడాదిలో తేలుతుంది. ఆ ఒక్క రోజు లేజర్ ఖర్చు ఎవరు భరించాలన్న దగ్గరే ప్రస్తుతానికి ఆగాం.