మద్దెలలు మారుతున్నాయి, ఆట మారడం లేదు

2025 నవంబరు 18న ఢాకాలో భారత ఫుట్‌బాల్ జట్టు బంగ్లాదేశ్ చేతిలో 1-0 తేడాతో ఓడిపోయింది. 22 ఏళ్లుగా ఎన్నడూ ఎదురుకాని పరాజయమది. 2027 ఆసియా కప్ ద్వారాలు అంతకుముందు నెలలోనే, గోవాలో సింగపూర్ చేతిలో 2-1తో ఓడినప్పుడే మూసుకుపోయాయి. ఢాకా ఓటమితో మిగిలిన పరువు కూడా పోయింది. తెల్లవారేసరికి కోల్‌కతా నుంచి కొచ్చి వరకు అభిమానులు తమకు అలవాటైన చర్చలో మునిగిపోయారు. ఖాలిద్ జమీల్‌ను ఉంచాలా, తీసెయ్యాలా? తీసేస్తే ఎవరు రావాలి? విదేశీయుడా, స్వదేశీయుడా?

ఈ చర్చకు వయసు చాలానే ఉంది. 2024 జూన్‌లో ఇగోర్ స్టిమాచ్‌ను సాగనంపినప్పుడు జరిగింది ఇదే. ఏడాది తిరిగేసరికి మనోలో మార్కెజ్ తప్పుకున్నప్పుడూ జరిగింది ఇదే. 2025 ఆగస్టు 1న ఖాలిద్ పేరు ప్రకటించిన రోజూ ఇదే. 14 నెలల్లో ముగ్గురు శిక్షకులు. పేర్లు మారుతున్నాయి, వాదనలు మాత్రం అక్షరం పొల్లుపోకుండా పునరావృతమవుతున్నాయి.

ఆ వాదనల్లో బలం లేదని అనడం అన్యాయం. స్టీఫెన్ కాన్‌స్టంటైన్‌ను మళ్లీ పిలవాలన్నవారు 2019 ఆసియా కప్‌లో థాయిలాండ్‌పై సాధించిన 4-1 విజయాన్ని గుర్తు చేస్తారు. స్వదేశీ శిక్షకుడు కావాలన్నవారు 2016-17లో ఐజాల్ వంటి చిన్న పట్టణపు జట్టును ఐ-లీగ్ విజేతగా నిలిపిన ఖాలిద్ ఘనతను చూపుతారు. ఆయన వచ్చీ రాగానే సెంట్రల్ ఆసియా పోటీల్లో ఒమన్‌ను పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం సాధించడమూ వాస్తవమే. ఎవరి వాదన వారిది, ఎవరి ఆధారాలు వారివి. కానీ ఈ ఇరుపక్షాలూ ఒక ప్రశ్నను మరచిపోతున్నాయి. శిక్షకుడిని ఎంపిక చేసేదెవరు? ఆ ఎంపిక విఫలమైతే జవాబు చెప్పవలసినదెవరు?

ఎంపిక జరిగే తీరుకు 2025 జులైలో దేశమంతా సాక్షిగా నిలిచింది. ఈ పదవికి 170 దరఖాస్తులు వచ్చాయి. వాటిలో బార్సిలోనా మహామహుడు షావీ పేరు ఉందనీ, ఆయన ఖర్చు భరించలేక పక్కన పెట్టారనీ వార్త పొక్కింది. ప్రపంచ పత్రికలన్నీ దాన్ని ప్రచురించాయి. మర్నాడు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య మాట మార్చింది. షావీ పేరిట, పెప్ గార్డియోలా పేరిట వచ్చిన ఈ-మెయిళ్లు అసలువి కావని ప్రకటించింది. 140 కోట్ల జనాభా గల దేశపు జాతీయ జట్టు బాధ్యతను అప్పగించవలసిన సంస్థ, తనకు ఉత్తరం రాసినదెవరో తెలుసుకోకముందే ఆ పేరును బయటికి పొక్కనిచ్చింది. ఆ తప్పుకు బాధ్యులెవరో అభిమానులకు ఎవరూ చెప్పలేదు.

మార్కెజ్ నియామకం ఇంతకంటె విచిత్రం. 2024 జులైలో ఆయనను జాతీయ జట్టుకు శిక్షకుడిగా నియమిస్తూనే ఎఫ్‌సీ గోవా శిక్షకుడిగానూ కొనసాగనిచ్చారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టించి, పడవ మునిగాక ఈత రాదని నిందించారు. స్టిమాచ్ విషయంలో 2023లో ఒప్పందాన్ని 2026 దాకా పొడిగించింది సమాఖ్యే, ఏడాదైనా నిండకుండా తొలగించిందీ సమాఖ్యే. చివరకు సుమారు 4 లక్షల డాలర్ల పరిహారంతో ఆ వివాదం ముగిసింది. ఆ సొమ్ముతో ఎన్ని జిల్లాల్లో ఎంతమంది పిల్లలకు బంతులు, బూట్లు, మైదానాలు సమకూరేవో లెక్క కట్టినవారు లేరు. సమాఖ్య అధ్యక్షుడి కుర్చీ మాత్రం కదలలేదు.

ఆడలేక మద్దెల ఓడన్నట్లుంది ఈ వ్యవహారం. రైలు పట్టాలు తప్పితే స్టేషన్ మాస్టరును సస్పెండ్ చేసి, మంత్రి పరామర్శకు బయలుదేరే దేశంలో ఇది కొత్తేమీ కాదు. శిక్షకుడి తొలగింపు సమాఖ్యకు అన్నిటికంటె చవకైన ప్రాయశ్చిత్తం. అభిమాని కోపానికి ఒక లక్ష్యం దొరుకుతుంది, పాలకుడికి ఆరు నెలల ఊపిరి దొరుకుతుంది.

ఆ పాలకులెవరో చూస్తే ఇది ఒక పార్టీకి అంటగట్టదగిన పాపం కాదని తెలుస్తుంది. కాంగ్రెస్ నేత ప్రియరంజన్ దాస్‌మున్షీ దాదాపు 20 ఏళ్లు సమాఖ్య అధ్యక్షులు. ఆ తరువాత ఎన్సీపీ నేత ప్రఫుల్ పటేల్. పదవీకాలం ముగిసినా కుర్చీ వదలని ఆయనను 2022లో సుప్రీంకోర్టు తప్పించవలసి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఫిఫా భారత్‌ను నిషేధించిన అవమానమూ చూశాం. సెప్టెంబరు ఎన్నికలో భాజపా నేత, ఒకప్పటి గోల్‌కీపర్ కల్యాణ్ చౌబే 33 ఓట్లతో గెలిచారు. భారత ఫుట్‌బాల్‌కు దశాబ్దానికి పైగా ముఖచిత్రమైన బైచుంగ్ భూటియాకు వచ్చినది ఒక్కటంటే ఒక్క ఓటు. స్టేడియం నిండా కూర్చున్న అభిమానికి ఆ ఎన్నికలో ఓటు లేదు. ఓటున్నవి రాష్ట్ర సంఘాలు. పార్లమెంటులో పరస్పరం కత్తులు నూరే పార్టీలు క్రీడా సంఘాల గదుల్లో ఎంత సఖ్యంగా మెలగుతాయో తెలిసినవారికి ఈ అంకెలు ఆశ్చర్యం కలిగించవు.

ఈ సమాఖ్య చేతిలో ఖాలిద్‌కు దక్కినదేమిటి? ఐఎస్ఎల్ నిర్వాహకులతో 2010లో కుదిరిన 15 ఏళ్ల ఒప్పందం 2025 డిసెంబరులో ముగుస్తుందన్న సంగతి అందరికీ 15 ఏళ్ల ముందే తెలుసు. అయినా గడువు ముంచుకొచ్చేదాకా ప్రత్యామ్నాయం లేదు. జులైలో లీగ్ నిలిచిపోయింది. కొన్ని క్లబ్బులు జీతాలు ఆపేశాయి. కొత్త హక్కులకు టెండరు పిలిస్తే నవంబరు గడువు నాటికి ఒక్క బిడ్ కూడా రాలేదు. లీగే లేని కాలంలో, పోటీ ఆటకు దూరమైన కాళ్లతో, సింగపూర్‌పై గెలిచి రమ్మని జట్టును పంపారు. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే మహిమ అనడమంటే ఇదే. ఆ దీపం ఆరిపోతే తప్పు దేవుడిదట!

శిక్షకుడికి ప్రాముఖ్యం లేదా అని అడిగేవారుంటారు. నిస్సందేహంగా ఉంది. హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం అందుకు తిరుగులేని ఉదాహరణ. 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన శిక్షణలోనివే. కానీ రహీం శూన్యంలోంచి ఊడిపడలేదు. ఆయన వెనుక హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఉంది. 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచిన జట్టది. సికింద్రాబాదు గల్లీల్లో బంతి తన్నిన తులసీదాస్ బలరాం వంటి కుర్రాళ్లున్నారు. అన్నిటికీ మించి ఏళ్ల తరబడి పనిచేసే వ్యవధి ఉంది. నేడు అదే నగరం సంగతేమిటి? మార్కెజ్ శిక్షణలో 2021-22 ఐఎస్ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ జీతాల బకాయిల్లో కూరుకుపోయి, చివరకు 2025లో ఢిల్లీకి తరలిపోయింది. రహీం పుట్టిన ఊరికి దేశపు అగ్రశ్రేణి లీగ్‌లో జట్టు లేదు. మరో రహీం కావాలని తపించేవారు, రహీంను కన్న నేల ఎందుకు ఎండిపోయిందో కూడా అడగాలి.

ఇంకొక సంగతి. 2025 జులైలో భారత మహిళల జట్టు థాయిలాండ్‌ను దాని సొంతగడ్డపై 2-1తో ఓడించి, అర్హత పోటీల ద్వారా తొలిసారి ఆసియా కప్‌లో అడుగుపెట్టింది. శిక్షకుడు క్రిస్పిన్ ఛెత్రి. నిజామాబాదు జిల్లా బిడ్డ గుగులోతు సౌమ్య ఆ జట్టు సభ్యురాలు. స్వదేశీయుడా, విదేశీయుడా అని నెలల తరబడి వాదించుకున్నవారిలో ఎంతమందికి ఛెత్రి పేరు తెలుసు? దేశవాళీ శిక్షకుడి సామర్థ్యానికి నిదర్శనం కళ్లెదుటే ఉన్నా, అది ఆడపిల్లల జట్టు కావడంతో చర్చలోకే రాలేదు.

ఖాలిద్ తప్పులు చేయలేదని కాదు. జట్టు కూర్పులో, వ్యూహంలో ఆయన్ను నిలదీయవలసిందే. కానీ ఆ నిలదీత ఆయన దగ్గరే ఆగిపోతే లాభపడేది సమాఖ్యే. విశ్రాంత న్యాయమూర్తి లావు నాగేశ్వరరావు రూపొందించిన సమాఖ్య రాజ్యాంగ ముసాయిదాను 2025 సెప్టెంబరు 19న సుప్రీంకోర్టు కొన్ని మార్పులతో ఆమోదించింది. కార్యవర్గంలో ప్రముఖ క్రీడాకారులకు స్థానం కల్పించిన ఆ పత్రం గురించి అభిమానుల మధ్య జరిగిన చర్చ ఎంత? శిక్షకుడి జీతం గురించి జరిగిన చర్చలో పదో వంతైనా లేదు.

అభిమానులు అడగవలసినవి నాలుగే. శిక్షకుడి ఎంపికకు ప్రమాణాలేమిటో ముందుగా ప్రకటించాలి. ఒప్పందంలోని షరతులను, పరిహారం నిబంధనలను బయటపెట్టాలి. ప్రతి టోర్నమెంటు తరువాత సాంకేతిక సంఘం నివేదికను ప్రజల ముందుంచాలి. నియామకం విఫలమైతే నియమించినవారూ జవాబు చెప్పాలి. ఇవి విప్లవాత్మకమైన కోరికలు కావు. పంచాయతీ బావి తవ్వినా అడిగే ప్రశ్నలే.

2023 జులైలో భారత్ ఫిఫా ర్యాంకు 99. రెండేళ్లకు 133. ఈ పతనకాలంలో శిక్షకులు మారారు, సారథి మారాడు, ఆటగాళ్లు మారారు. సమాఖ్య అధ్యక్షుడు మాత్రం మారలేదు. తదుపరి శిక్షకుడి పేరు మీద పందేలు కాసే ముందు అభిమానులు ఈ ఒక్క వాక్యాన్ని మరోసారి చదువుకుంటే చాలు.