పక్కపట్టీ ఒక వీధి అరుగు

పాతకాలపు ఇళ్ళకు వీధి వాకిలికి ఇరుపక్కలా అరుగులుండేవి. ఎండకు అలసిన బాటసారి అక్కడ చతికిలబడితే, ఊరూ పేరూ అడగడానికి ముందే ఇంటివారు మంచినీళ్ళ చెంబు అందించేవారు. దాహం తీరిన తరువాతనే పరిచయం. వెబ్‌సైటు పుటకు పక్కన ఉండే పట్టీ, అనగా సైడ్‌బార్, ఈ అరుగు వంటిదని నా అభిప్రాయం. నేటి వ్యాపారస్థులలో చాలామంది మాత్రం చెంబును లోపల దాచి, చిరునామాల పుస్తకాన్ని ముందుకు తోస్తున్నారు.

వర్తకుల పరిభాషలో చూసిపోయేవాడు సందర్శకుడు. తన ఈమెయిలో, ఫోను నంబరో ఇచ్చి సరుకుపై ఆసక్తి తెలిపినవాడు 'లీడ్'. మొదటివానిని రెండవవానిగా మార్చడమే పక్కపట్టీకి అప్పగించిన పని. ఇందులో దోషమేమీ లేదు. నేసినవానికీ, అచ్చువేసినవానికీ కొనేవాడు కావాలి కదా! నా తగవు పద్ధతితోనే.

వెబ్‌పై బ్యానరు ప్రకటనల యుగం 1994లో హాట్‌వైర్డ్ పత్రికతో మొదలైంది. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1998లో, బెన్వే, లేన్ అనే పరిశోధకులు ఒక విచిత్రాన్ని గమనించారు. వెతుకుతున్న సమాచారం బ్యానరులోనే ప్రస్ఫుటంగా ఉన్నా, వెతికేవారు దానిని దాటి పోతున్నారు! దీనికి వారు 'బ్యానర్ అంధత్వం' అని పేరు పెట్టారు. ప్రకటనలా కనబడినదేదీ తనకు పనికిరాదని కన్ను ముందే తీర్పు చెప్పేస్తుంది. కనుక పక్కపట్టీని మెరుపులతో, కదిలే బొమ్మలతో ఎంత అలంకరిస్తే అది అంతగా అదృశ్యమయ్యే ప్రమాదముంది.

మరి ఏమి ఉంచాలి? ఒక ఉదాహరణ తీసుకుందాం. పోచంపల్లి ఇక్కత్ చీరలు అమ్మే చిన్న దుకాణమొకటి తన సైటులో ఆ నేతపై వ్యాసం పెట్టిందనుకుందాం. పక్కన "మా వార్తల కొరకు నమోదు చేసుకోండి" అని ఉంటే ఎవరు చేసుకుంటారు? ఎవరికి కావాలి దుకాణపు వార్తలు? దానికి బదులు "అసలు ఇక్కత్‌నూ, అచ్చువేసిన నకిలీనీ గుర్తించడమెలా? ఒక్క పుటలో రాసి పంపుతాం" అని ఉందనుకోండి. ఇక్కత్‌లో నూలుకు నేతకు ముందే రంగులద్దుతారు కాబట్టి డిజైను రెండు వైపులా దాదాపు ఒకేలా కనబడుతుందనీ, అచ్చువేసిన బట్ట వెనుక వైపు సాధారణంగా వెలవెలబోతుందనీ, ఇక్కత్ డిజైను అంచులు కత్తిరించినట్టు కాక కాస్త అలికినట్టు ఉంటాయనీ, అసలు పట్టుపోగును కాల్చితే వెంట్రుక కాలిన వాసన వస్తుందనీ ఆ పుట చెబుతుంది. చీర మరొక చోట కొన్నా ఆ పుట ఆమెకు పనికివస్తుంది. విశ్వాసం పుట్టేది అక్కడే. పైగా అటువంటి పుటను కోరినవారు చీర కొనే ఆలోచనలో ఉన్నవారే అయ్యే అవకాశం ఎక్కువ.

కాబట్టి పక్కపట్టీలో ఒకే ఒక్క కోరిక ఉండాలి. అది పక్కనున్న వ్యాసానికి సంబంధించినదై ఉండాలి. ఈమెయిలు చాలినచోట ఫోను నంబరు అడగరాదు. ఏమి పంపుతామో, నెలకు ఎన్నిసార్లు పంపుతామో ముందే చెప్పాలి. మరొక సంగతి: చేతిఫోనులో పక్కపట్టీకి పక్క అనేదే ఉండదు. ఇరుకు తెరపై అది సాధారణంగా వ్యాసం అడుగుకు జారిపోతుంది. అందువల్ల ఆ కోరికను వ్యాసంలోనే, చదువరికి ఆ సందేహం కలిగే చోటనే ఉంచడం మేలు.

"తెర నిండా పెట్టె తెరిపించి అడిగితే ఎక్కువ చిరునామాలు వస్తాయి" అని వాదించేవారున్నారు. నిజమే, వస్తాయి. విసిగినవాడు పెట్టె మూసుకోవడానికి ఏదో ఒక చిరునామా కొట్టి పోతాడు. తరువాత వచ్చిన ఉత్తరాలను స్పామ్ అని గుర్తిస్తాడు. 2024 నుండి జీమెయిలు, రోజుకు 5,000కు పైగా ఉత్తరాలు పంపే సంస్థలపై స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరరాదని నియమం పెట్టింది. ఫిర్యాదులు పెరిగితే, కోరి అడిగినవారికి పంపిన ఉత్తరం కూడా చెత్తబుట్ట పాలవుతుంది. బలవంతపు అతిథుల వల్ల అసలు అతిథికి అన్నం అందదన్నమాట!

చట్టం కూడా ఈ దిశగానే నడుస్తోంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, తెలిసి ఇచ్చినదై ఉండాలనీ, పనికి అవసరమైన మేరకే సమాచారం తీసుకోవాలనీ అంటోంది. అదే ఏడాది నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 రకాల మోసపు రూపకల్పనలను నిషేధించింది. కాదన్నవానిని సిగ్గుపడేలా చేసే మాటలు, ప్రకటన అని తెలియనివ్వని ప్రకటనలు వాటిలో ఉన్నాయి.

ముందు ఇచ్చి తరువాత అడగడం మనకు కొత్త విద్యేమీ కాదు. 1893లో బొంబాయిలో అమృతాంజనం నెలకొల్పిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు, ఆ మందును సంగీత సభలలో ఉచితంగా పంచిపెట్టారని ప్రసిద్ధి. తలనొప్పి తగ్గినవాడు మర్నాడు డబ్బు పెట్టి కొన్నాడు. ఆ వ్యాపారపు రాబడే 1908లో మొదలైన ఆంధ్రపత్రికకు అండ అయింది.

పెద్ద సంస్థలు వెయ్యిమందిని విసిగించి పదిమందిని సంపాదించుకోగలవు. తక్కిన తొమ్మిదివందల తొంభైమందిని పోగొట్టుకున్నా వాటికి గడుస్తుంది. చిన్న ప్రచురణకర్తకూ, చేనేత సంఘానికీ ఆ విలాసం లేదు. వారు పెద్దల పెట్టెలను అనుకరించడం చూస్తే నాకు దిగులు కలుగుతుంది. పక్కపట్టీలో ఏది ఉంచబోయినా ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: ఈ మనిషి జన్మలో మన దగ్గర ఏమీ కొనకపోయినా ఇది అతనికి ఉపకరిస్తుందా? ఉపకరిస్తుందంటే ఉంచండి. లేదంటే ఆ జాగాను ఖాళీగా వదిలేయండి. చదివే కంటికి కాస్త విశ్రాంతి అయినా దొరుకుతుంది.