దాదీమా నిద్ర, మనవడి కంప్యూటరు

గుంటూరులో మా తమ్ముడి ఇల్లు రెండు గదులది. ముందుగదిలో ఒక పక్క మా అమ్మగారి మంచం, మరో పక్క ఈ ఏడే డిగ్రీలో చేరిన మా తమ్ముడి కుమారుని బల్ల. ఆ బల్ల కింద పెద్ద ఇనుప పెట్టె. అది అబ్బాయి ఒక మిత్రుని వద్ద పాతది కొనుక్కున్న గేమింగ్ కంప్యూటరు. ఇషా నమాజు తర్వాత ఆట మొదలైతే చాలు, పిండిమర తిరుగుతున్నంత హోరు. అమ్మగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. తెల్లవారుజామున మూడున్నరకే లేచే అలవాటు. పదిన్నర లోపు కన్ను అంటుకోకపోతే మర్నాడంతా తల తిరుగుతూనే ఉంటుంది. ఆమె ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. ఒకనాడు తన మంచాన్ని వంటింట్లోకి మార్చమన్నారు, అంతే. ఆ మాటకు నొచ్చుకున్న మా తమ్ముడు "రేపే దాన్ని అమ్మిపారేస్తాను" అన్నాడు. అబ్బాయి రెండు పూటలు అన్నం మానేశాడు. ఇంటికి పెద్దవారం గనుక తీర్పు మా వద్దకు వచ్చింది.

ఇటువంటి ఆటలకు ఎంత సమయం ఇవ్వవచ్చునన్నది వేరే చర్చ. దానికి ఈ పుట చాలదు. ఆ రోజు మా ముందున్నది నిద్ర సమస్య. చప్పుడు చేయకుండా ఆడుకోరాదా అని అడిగితే అబ్బాయి చెప్పిన జవాబు మమ్మల్ని ఆలోచింపజేసింది. "బడే అబ్బా, ఆ చప్పుడు ఆటది కాదు, వేడిది."

కంప్యూటరు తీసుకునే విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగా మారుతుందట. ఆ పాత పెట్టెలో బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 150 వాట్లు తాగుతుంది. ఆ వేడిని బయటకు నెట్టడానికి ఫ్యాన్లు తిరగాలి. వేడి పెరిగేకొద్దీ అవి మరింత వేగంగా తిరగాలి. ఈ సంగతి తెలియక మా తమ్ముడు అంతకుముందే ఒక ఉపాయం చేశాడు. పెట్టెను తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తలుపు వేశాడు. పావుగంటలో లోపలి గాలి వేడెక్కింది, ఫ్యాన్లు రెట్టింపు వేగం అందుకున్నాయి, ఇనుప బీరువా కూడా వాటితో కలిసి మోగింది. ఆ రాత్రి పక్కింటివారు కూడా నిద్ర లేచారు.

ధ్వని లెక్క విచిత్రమైనది. మా మదరసాలో నలభై మంది పిల్లలు ఒకేసారి పాఠం వల్లె వేస్తుంటే, వారిలో ఇరవై మందిని ఆపినా గదిలో చప్పుడు సగమైనట్టు అనిపించదు. ముప్పై ఏళ్ళుగా మాకు ఇది అనుభవమే గాని కారణం తెలియదు. ధ్వనించేవారు సగమైతే తగ్గేది మూడు డెసిబెల్సు మాత్రమే. చెవికి సగమైనట్టు తోచాలంటే పది తగ్గాలి. కాబట్టి నాలుగు ఫ్యాన్లలో రెండింటిని ఆపివేస్తే ప్రయోజనం స్వల్పం. అదే ఒక ఫ్యాను వేగాన్ని సగానికి తగ్గిస్తే సుమారు పదిహేను డెసిబెల్సు తగ్గుతాయి. అయితే గాలి కూడా సగమే వస్తుంది. ఆ సగం గాలి సరిపోవాలంటే పుట్టే వేడినే తగ్గించుకోవాలి. అబ్బాయి వాదన సారాంశం ఇదే. అది మాకు న్యాయంగానే తోచింది.

అతడు కోరింది పాతదాన్ని అమ్మి, పిల్లలకు ట్యూషన్ చెప్పి కూడబెట్టిన డబ్బు కలిపి, చిన్నదీ నిశ్శబ్దమైనదీ స్వయంగా బిగించుకుంటానని. మామూలు కంప్యూటర్లలో ఉండే ఏటీఎక్స్ బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 వెడల్పు. 2001లో వయా సంస్థ 170 మిల్లీమీటర్ల చదరపు బోర్డు, మినీ ఐటీఎక్స్, తీసుకువచ్చింది. మావాడు ఎంచుకున్నది దానికంటే చిన్నది: ఏఎస్‌రాక్ వారి డెస్క్‌మినీ ఎక్స్300. మొత్తం పెట్టె రెండు లీటర్ల లోపు ఘనపరిమాణం. అమ్మగారి పాన్‌దాన్ కంటే కొంచెం పెద్దది. అందులో విడిగా గ్రాఫిక్స్ కార్డుకు చోటే లేదు. ప్రాసెసరులోనే ఇమిడి ఉన్న గ్రాఫిక్స్‌తో సరిపెట్టుకోవాలి. రైజెన్ 5 5600జీ అనే ఆ ప్రాసెసరు 65 వాట్లది. కావాలంటే 45కు తగ్గించుకునే వీలును తయారీదారులే ఉంచారు. దానితో ఫుట్‌బాలు, కార్ల పందెం వంటివి ఆడవచ్చు, దృశ్యపు నాణ్యత కొంత తగ్గించుకుంటే. కొత్తగా వచ్చే భారీ ఆటలు మాత్రం నడవవు. "వాటిని వదులుకుంటాను" అన్నాడు. పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు తనంతట తాను ఆ మాట అనడం చిన్న విషయం కాదు.

ఒక ఆదివారం అసర్ తర్వాత బిగింపు జరిగింది. మేము పక్కనే కూర్చున్నాము. ప్రాసెసరు అడుగున 1331 సన్నని సూదులు ఉంటాయని, ఒకటి వంగినా ప్రమాదమేనని విన్న తర్వాత దాన్ని చేతితో తాకడానికి మేము ఒప్పుకోలేదు. మెమరీని పదహారు జీబీల పలక ఒకటి కాక ఎనిమిది చొప్పున రెండు పెట్టాడు. గ్రాఫిక్స్ కూడా ఆ మెమరీనే వాడుకుంటుంది గనుక, రెండు వాకిళ్ళ గుండా రాకపోకలు సాగితే ఆట చురుకుగా నడుస్తుందట. తిరిగే హార్డ్ డిస్కు లేదు. దాని స్థానంలో వేలెడంత ఎస్‌ఎస్‌డీ. దానికి కదిలే భాగాలే లేవు గనుక చప్పుడూ లేదు. విద్యుత్తు సరఫరా చేసే భాగం కూడా పెట్టె బయటే, ల్యాప్‌టాప్‌కు ఉన్నట్టు అడాప్టరు రూపంలో ఉంటుంది. అందులో ఫ్యాను లేదు.

చిక్కు వచ్చింది ఒక్కచోటే. ఆ పెట్టెలో ప్రాసెసరు మీద 46 మిల్లీమీటర్లకు మించి ఎత్తున్న కూలరు పట్టదు. ప్రాసెసరుతో ఉచితంగా వచ్చినది 54. అందుకని ఆస్ట్రియా దేశపు నోక్టువా వారి 37 మిల్లీమీటర్ల కూలరు విడిగా కొనవలసి వచ్చింది. ధర విని మేము ఉలిక్కిపడిన మాట నిజం. దాని రంగు చూసి అమ్మగారు "టీ ఒలికిందా?" అని అడిగారు.

బిగించిన రాత్రే నిశ్శబ్దం దొరకలేదు. ఫ్యాను ఒక్క నిమిషం గుప్పున లేచి, మళ్ళీ తగ్గి, మళ్ళీ లేస్తుండేది. ఎడతెగని సన్నని ధ్వనిని చెవి మరచిపోతుంది గాని, ఈ హెచ్చుతగ్గులు మరింత బాధిస్తాయి. అబ్బాయి బోర్డు అమరికలు తెరిచి, వేడి అరవై డిగ్రీలు దాటేవరకు వేగం మారకుండా, ఆ తర్వాత నెమ్మదిగా పెరిగేలా దిద్దాడు. ప్రాసెసరును 45 వాట్లకు తగ్గించాడు. బల్ల అదరకుండా పెట్టె కింద పాత సైకిలు ట్యూబు ముక్కలు పెట్టాడు. (మొదట చిరిగిన జానమాజు మడిచి పెట్టబోతే వాళ్ళమ్మ కేకలేసింది.) ఇక మే నెల సంగతి. ఏ ఫ్యానూ గది గాలికంటే చల్లగా చేయలేదు. గది ముప్పై ఎనిమిది డిగ్రీలుంటే లెక్క అక్కడి నుంచే మొదలు. వేసవి మధ్యాహ్నాల్లో ఆట వద్దని ముందే అనుకున్నాము.

అంతా సర్దుకున్నదనుకుంటుండగా మా తమ్ముడు మెల్లగా ఒక మాట అన్నాడు. "భాయీజాన్, ఇన్నాళ్ళూ హోరు వినిపిస్తే వాడు మేలుకున్నాడని తెలిసేది. ఇప్పుడు అర్ధరాత్రి దాకా ఆడినా నాకు తెలియదు." ఇది మేము ఆలోచించని సంగతి. తాళం, కాపలా పెట్టడం మాకు ఇష్టం లేదు. తండ్రి భయాన్ని కొట్టివేయలేకపోయాము కూడా.

దారి చూపింది అబ్బాయే. పదింటికి యంత్రం ఆపి, అడాప్టరు ఊడదీసి దాదీమా చేతికిస్తానన్నాడు. అమ్మగారు దాన్ని తలగడ పక్కన పాన్‌దాన్ వెనుక పెట్టుకుంటున్నారు. మొన్న మేము వెళ్ళినప్పుడు రాత్రి పది దాటి ఐదు నిమిషాలైంది. అబ్బాయి వచ్చి అడాప్టరు ఇచ్చాడు. ఆమె దాన్ని రెండు చేతులతో అందుకుని, కాసేపు పట్టి చూసి, "ఏం బేటా, ఇవాళ ఇది ఇంత వేడిగా ఉందేం?" అన్నారు.