దావా ఎక్కడ వెయ్యాలి?

ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో అంతర్జాతీయ న్యాయశాస్త్ర గ్రంథం ఒకటి కనబడింది. బేరమాడి కొన్నాను. మర్నాడు దాన్ని చంకన పెట్టుకునే నాంపల్లి కోర్టుకు పోయాను. వరండాలో వాయిదా కోసం కూర్చున్న ఒక పెద్దాయన “ఏం బుక్కు బిడ్డా?” అని అడిగాడు. ఐక్యరాజ్య సమితి లాంటి పెద్ద సంస్థలకు సంబంధించిన చట్టం అని చెప్పాను. “మరి గా పెద్దోల్లు తప్పు జేస్తే దావా ఏడ ఎయ్యాలె?” అన్నాడు. లా చదువుతున్న నాకు నోట మాట రాలేదు. ఆయనకు బాకీపడ్డ జవాబే ఈ వ్యాసం.

ఇందుకు జెనీవా దాకా పోనక్కరలేదు. మన పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ ఉంది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ పంటలపై అది చేసిన పరిశోధన మెట్టరైతుకు మేలు చేసింది, కాదంటే కృతఘ్నతే. 1947 నాటి చట్టం కింద కేంద్ర ప్రభుత్వం దానికి ప్రత్యేక రక్షణలు కల్పించింది. అక్కడి ఉద్యోగ వివాదమొకటి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ సంస్థ రాజ్యాంగం 12వ అధికరణ చెప్పే ‘రాజ్యం’ కాదనీ, 226వ అధికరణ కింద దానిపై రిట్ చెల్లదనీ 2003లో తీర్పు వచ్చింది. తర్కం సరే, మరి ఉద్యోగి గోడు వినేదెవరు?

రక్షణ బొత్తిగా వద్దని నేననను. ప్రతి దేశమూ తన కోర్టుకు ఈడ్చి బెదిరిస్తే ఏ అంతర్జాతీయ సంస్థా నిష్పక్షపాతంగా పనిచెయ్యలేదు. అయితే ఐక్యరాజ్య సమితికి సొంత న్యాయవ్యక్తిత్వం ఉందనీ, తనకు జరిగిన నష్టానికి పరిహారం కోరవచ్చనీ అంతర్జాతీయ న్యాయస్థానం 1949లోనే చెప్పింది. పరిహారం అడిగే నోరున్నప్పుడు, ఇచ్చే చెయ్యి కూడా ఉండాలి కదా!

హైతీ సంగతి చూడండి. 2010లో సమితి శాంతిసేన శిబిరం నుంచి కలరా పాకి వేలాదిమంది చనిపోయారు. బాధితుల దావాను అమెరికా కోర్టులు రక్షణ పేరిట కొట్టేశాయి. 2016 డిసెంబరులో ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ క్షమాపణ చెప్పారు. కానీ కోర్టు తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఇలాంటి వివాదాల పరిష్కారానికి తగిన ఏర్పాటు చెయ్యాలని సమితి రక్షణల ఒడంబడికే 1946లో చెప్పడం ఇక్కడ విచిత్రం!

గాలి కొంత మారుతున్నది. గుజరాత్ మత్స్యకారులు ప్రపంచబ్యాంకు అనుబంధ సంస్థపై వేసిన దావాలో, ఇలాంటి రక్షణ సంపూర్ణం కాదని అమెరికా సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. ఆ దావా తర్వాత వేరే కారణంతో వీగిపోయినా సూత్రం నిలిచింది. రక్షణ ఇచ్చేటప్పుడు బాధితుడికి మరో సరైన దారి ఉందా అని చూడాలని ఐరోపా మానవహక్కుల కోర్టు 1999లోనే అన్నది.

నా అభిప్రాయం ఇది. ఢిల్లీ ఏ సంస్థకు రక్షణ ఇచ్చినా ఒక షరతు పెట్టాలి: ఉద్యోగి గానీ, పక్క ఊరి రైతు గానీ వెళ్ళగలిగే స్వతంత్ర ట్రిబ్యునల్ ఉండాలి, దాని తీర్పుకు సంస్థ కట్టుబడాలి. ఇందువల్ల సంస్థ స్వేచ్ఛ పోదు, పరువు పెరుగుతుంది.

రేపు నల్లకోటు తొడగబోయే మిత్రులారా! ఆనాడు నాంపల్లిలో పెద్దాయన కేసు మళ్ళీ వాయిదా పడింది. విసుక్కుంటూ వెళ్ళిపోయాడు. అయినా ఆయనకు ఒక వాయిదా తేదీ ఉంది. అది కూడా లేనివాళ్ళ కోసం మనం ఆలోచించవద్దా?