ఆరోగ్యము: అంటని పొక్కులు

చార్మినారు చెంత లాడుబజారున కొన్న గాజులు ఒరసికొన్నంతనే ముంజేతి చర్మము ఊడివచ్చు వ్యాధి యొకటి కలదు. వైద్యులు దానిని పెంఫిగసు అందురు. పలువురికి మొదట నోటిలో మానని పుండ్లు, పిమ్మట ఒంటిపై నీటిపొక్కులు లేచును. అమ్మవారు పోసినదనియో, అంటురోగమనియో తలచి రోగిణి కంచము వేఱుచేయుట అన్యాయమని మా యభిప్రాయము. ఇది అంటదు, చర్మకణముల నొకదానికొకటి పట్టియుంచు బంధములను దేహరక్షకశక్తియే పొరబడి తెంచుచున్నది. గాజులను మాత్రము పుండ్లు మానువఱకు తీసియుంచవలెను. పెద్దలు దీనికి అభ్యంతరపెట్టరాదు.

1950 ప్రాంతమున స్టీరాయిడులు వచ్చుటకు పూర్వము ఈ రోగులలో పెక్కుమంది మరణించెడివారు. 1980 దశకమున ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థయందు డాక్టరు పస్రిచాగారు క్రొత్త పద్ధతిని ప్రవేశపెట్టిరి. 28 దినములకొకమాఱు, వరుసగా 3 దినములు డెక్సామెథసోనును నరములోనికెక్కించి, అందొకనాడు సైక్లోఫాస్ఫమైడును చేర్తురు. ఈ రెండవ మందు సంతానశక్తిని హరింపవచ్చును. బిడ్డలను కోరు సోదరి సిగ్గువిడిచి ముందే వైద్యునితో చెప్పవలెను. మందు మార్చుటకు వీలున్నది. 2018లో అమెరికాలో ఈ వ్యాధికి అనుమతి పొందిన రిటుక్సిమాబు గుణకారియే, గాని వెల యెక్కువ.

మేము మిక్కిలి భయపడునది పొక్కులణగగనే మాత్రలు మానివేయుటను గూర్చియే. స్టీరాయిడును హఠాత్తుగా విడిచినచో ప్రాణాపాయము. మోతాదు తగ్గింపవలసినవాడు వైద్యుడే. పాతబస్తీవారికి అఫ్జల్‌గంజిలోని ఉస్మానియా ఆసుపత్రి దగ్గఱనే యున్నది.